పొద్దుగూకే వేళ ట్యూషన్లు ఎందుకు?

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో కార్తీకం వచ్చేసరికి ఐదుంబావుకే పొద్దు గూకిపోతుంది. జూన్‌లో అయితే ఆరున్నర దాకా వెలుగే. మా పాప ట్యూషన్ మాత్రం ఏ కాలమైనా సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర. ఎండాకాలంలో దారి కనిపిస్తుండగానే ఇంటికొచ్చే పిల్ల ఇప్పుడు కటిక చీకట్లో సైకిల్ తొక్కుకుంటూ వస్తోంది. అది వీధి మలుపు తిరిగేదాకా నాకు టెన్షనే.

మా పక్కింటి పిన్నిగారి మెళ్ళో గొలుసు లాక్కుపోయిందీ ఆ వేళకే. గుడి నుంచి వస్తున్నారు. వీధి దీపాలింకా వెలగలేదు. బండి మీద ఇద్దరొచ్చారు, వెనకవాడు చెయ్యి వేశాడు, అంతే. మెడ చుట్టూ ఎర్రగా కమిలిపోయింది. "మొహం చూశారా అని అడుగుతున్నారే, ఆ చీకట్లో ఏం కనిపిస్తుందమ్మా?" అని ఆవిడ ఏడ్చారు.

దొంగకి కావలసింది అదే. అమెరికాలో ఏటా మార్చిలో గడియారాలు గంట ముందుకి, నవంబరులో వెనక్కి తిప్పుతారు. ముందుకి తిప్పితే సాయంత్రం పొద్దు గంట ఆలస్యంగా గూకుతుంది. అలా తిప్పడానికి ముందూ తర్వాతా నేరాలెలా ఉన్నాయో డోలియాక్, శాండర్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పోల్చి చూసి 2015లో ప్రచురించారు. మార్చిలో ముందుకి తిప్పాక దారిదోపిడీలు రోజు మొత్తం మీద 7 శాతం తగ్గాయి. పొద్దుగూకే ఆ గంటలో అయితే ఏకంగా 27 శాతం! జనం పని నుంచి ఇళ్ళకి వెళ్ళే వేళకి ఇంకా వెలుగు ఉండటమే కారణమంటారు వాళ్ళు. మరి ఆ గంట చీకటి పొద్దుటికి జరిగింది కదా, అప్పుడు దోపిడీలు పెరిగాయా? లేదు. నాకు అన్నిటికన్నా పనికొచ్చిన సంగతి ఇదే.

  

మన దేశంలోనూ ఒకప్పుడు గడియారాలు గంట ముందుకి జరిపారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా. ఇప్పుడు ఊరూరా ఒకటే గడియారం, 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. ఆ రేఖ మన ఒడిశాలోని జయపురం పక్క నుంచే పోతుంది. మేం దానికి తూర్పున ఉన్నాం, మహారాష్ట్రలో సిరొంచలో ఉండే మా అక్క పడమర. సాయంత్రం ఫోన్ చేస్తే, "ఇంకా వెలుగుందే, అప్పుడే లైటేశావా?" అంటుంది. పొద్దు గూకడంలో మా ఇద్దరికీ పావుగంట పైనే తేడా.

గడియారం మార్చడం మన చేతిలో లేదు. ట్యూషన్ టైము ఉంది. డిసెంబరులో కూడా ఇక్కడ ఆరుంబావుకల్లా తెల్లారిపోతుంది. స్కూలు పదింటికి. ఆరున్నర నుంచి ఎనిమిది దాకా చెబితే పిల్లలు వెలుగులో వెళ్ళి వెలుగులో వస్తారు, స్నానం, చద్దన్నం అన్నిటికీ వేళ ఉంటుంది. ఆడపిల్లని ట్యూషన్ మాన్పించెయ్యమని సలహా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు మా వీధిలో. నాకు ఒళ్ళు మండింది. చీకటికి భయపడి చదువు ఎందుకు ఆపాలి? వేళ మారిస్తే పోయేదానికి!

వీధి దీపాలది ఇంకో గోడు. ఏడాది పొడుగునా ఒకే టైముకి వేస్తారు. నవంబరులో పొద్దుగూకాక ముప్పావుగంట చీకటి. ఐదుంబావుకి వెయ్యమని మేం ఆడవాళ్ళమంతా సంతకాలు పెట్టి కాగితం ఇచ్చాం. జవాబు రాలేదు.

మాస్టారు మాత్రం విన్నారు. తెలుగు పిల్లల బ్యాచ్ వచ్చే సోమవారం నుంచి పొద్దుటికి మారుస్తున్నారు. ఒడియా పిల్లల బ్యాచ్ ఇంకా సాయంత్రమే ఉంది. వాళ్ళలో దూరం నుంచి వచ్చే ఆడపిల్లలే ఎక్కువ. ఆ తల్లులతో మాట్లాడటానికి రేపు బయల్దేరుతున్నాను, పిన్నిగారు కూడా వస్తానన్నారు.