తలయై విడుంగమ్మా

మూడేళ్ళ కిందట మెడతో మొదలైంది. తర్వాత భుజాలు, నడుము, చివరికి అరచేతులు. పొద్దున లేస్తే రాత్రంతా మూటలు మోసినట్టుండేది. చెన్నైలో పెరంబూరు నుంచి సెంట్రల్‌ దాకా లోకల్ రైల్లో చెయ్యెత్తి పట్టుకుని నిలబడటమే నాకు పెద్ద గండం. ఎక్స్‌రే, థైరాయిడ్, ఈఎస్‌ఆర్ ఏది చేయించినా బాగానే వచ్చేది. "అన్నీ నార్మలే కదా" అన్న మాట మా ఇంట్లో తిట్టు కింద లెక్క. ఒక ఎముకల డాక్టరైతే "వయసమ్మా" అని పంపేశాడు. నాకప్పుడు 46.

చివరికి కీళ్ళవాతం చూసే డాక్టరమ్మ అక్కడక్కడా నొక్కి చూసి, నా నిద్ర గురించి గుచ్చి గుచ్చి అడిగి, ఫైబ్రోమయాల్జియా అంది. కీళ్ళు, కండరాలు పాడవలేదట. చిన్న కబురును కూడా నరాలు, మెదడూ కలిసి పెద్ద గొంతుతో చాటుతున్నాయట. రాత్రికో మాత్ర, రోజూ నడక. నడిస్తేనే నొప్పి అన్నాను. అయితే నీళ్ళలో మొదలుపెట్టండి అంది.

అలా వాట్సు దగ్గరికి వెళ్ళాను. వాటర్, షియాట్సు కలిపిన పేరది. షియాట్సు అంటే వేళ్ళతో నొక్కే జపాను పద్ధతి. దాన్ని కాలిఫోర్నియాలో హార్బిన్ వేడినీటి బుగ్గల దగ్గర 1980 ప్రాంతంలో హెరాల్డ్ డల్ అనే ఆయన నీళ్ళలోకి దించాడు. "మే నెలలో, చెన్నైలో, డబ్బిచ్చి మరీ వేడినీళ్ళా!" అన్నారు మావారు. నిజానికి అవి వేడినీళ్ళు కావు. 35 డిగ్రీలు, అంటే ఒంటికి వెచ్చగానూ చల్లగానూ అనిపించని నీళ్ళు. కాసేపటికి ఒళ్ళెక్కడ ఆగిందో, నీళ్ళెక్కడ మొదలయ్యాయో తెలియదు. 2019లో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చుకున్న ఊళ్ళో అన్ని నీళ్ళు నా ఒక్కదాని కోసమా అని మొదట సిగ్గేసింది. ఒక్కసారికి అయ్యే ఖర్చు మా నెల పాల బిల్లు కంటే ఎక్కువ, ఆ సిగ్గు వేరే.

జ్వరం, చెవి నొప్పి, మానని పుండు, ఫిట్స్ ఉన్నాయా అని ముందే అడిగారు. మోకాళ్ళకు తేలే పట్టీలు కట్టి, ఒక చెయ్యి నా తల కింద, ఇంకో చెయ్యి నడుము కింద పెట్టి వాట్సు చేసే అమ్మాయి నన్ను తేల్చింది. చెవులు నీళ్ళలో మునగగానే బయటి ఊరు ఆగిపోయింది, నా ఊపిరి ఒక్కటే వినిపించింది. ఊపిరి తీసుకుంటే కాస్త పైకి, వదిలితే కాస్త కిందికి. ఆ లెక్కలోనే ఆమె నన్ను అటూ ఇటూ ఊపేది.

కానీ నా మెడ ఒప్పుకోలేదు. "తలయై విడుంగమ్మా, తలయై విడుంగ" అని ఆమె గంటసేపు తమిళంలో అంటూనే ఉంది, తల వదిలేయండమ్మా అని. వదిలాననే అనుకున్నాను. చెయ్యి తీసి చూపిస్తే తల అలాగే గాల్లో నిలబడి ఉంది! మెడ దాకా నీళ్ళలో నిలబడితేనే మన బరువు పదో వంతుకు తగ్గుతుంది. అరవై ఎనిమిది కేజీల మనిషిని ఏడు కేజీలకు దిగాను, ఆ కాస్తా కూడా నేనే మోసుకుంటున్నాను.

నాలుగోసారి ఎప్పుడు వదిలానో నాకు తెలియదు. గురక పెట్టానని ఆమె నవ్వుతూ చెప్పింది. గట్టుకు ఆనించి నిలబెడితే కాళ్ళు నావి కానట్టున్నాయి. ఆ రాత్రి నిద్రలో ఒక్కసారీ లేవలేదు, అలా పడుకుని రెండేళ్ళయింది.

నొప్పి పోయిందా అంటే, లేదు. ఆరుసార్లతో ఆపేశాను, డబ్బూ చాలలేదు. తేలి వచ్చాక నొప్పి తగ్గిన ఆ రెండు మూడు రోజుల్లోనే నడక మొదలుపెట్టాను. మొదట పది నిమిషాలు, ఇప్పుడు నలభై. మాత్ర సగమైంది, అదీ డాక్టరమ్మ చెప్పాకే. నిద్ర చెడితే నొప్పి మళ్ళీ వస్తుంది.

నీళ్ళలో తేలుతున్నప్పుడు మా అమ్మ గుర్తొచ్చేది. నేను బాలింతగా ఉన్నప్పుడు వావిలాకు వేసి కాచిన నీళ్ళు చెంబుతో నడుము మీద పోసేది. ఈ తేలడానికి ముందు పాతికేళ్ళలో నా ఒంటిని ఇంకొకరి చేతికి అప్పగించింది అదొక్కసారే. ఇక్కడ వావిలిని నొచ్చి అంటారు, ఆకు మార్కెట్లో దొరుకుతుంది. ఆదివారాలు మావారు పోస్తున్నారు.

"తల వంచు. రేపు లారీ రాదు, ఉన్నది అర బక్కెట్టే."