రెండు దేశాలు, రెండు ఆటలు, ఒకే మనిషి

బ్రాడ్ థోర్న్ పుట్టింది న్యూజిలాండ్‌లో, కానీ చిన్నప్పుడే ఆస్ట్రేలియా వెళ్లిపోయి, పదమూడు మంది ఆడే రగ్బీ లీగ్‌లో బ్రిస్బేన్ బ్రాంకోస్ తరఫున టైటిళ్లు గెలిచి, ఆస్ట్రేలియా జట్టుకీ ఆడాడు. తర్వాత పుట్టిన దేశానికొచ్చి పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్‌లో దిగాడు. లీగ్‌లో లైనౌట్, అంటే పక్క గీత దాటిన బంతిని మళ్లీ లోపలికి విసిరే పద్ధతి, అనేదే లేదు. ఇక్కడేమో బంతి కోసం మనవాళ్లే మనల్ని గాల్లోకి ఎత్తుతారు, అదంతా కొత్తగా నేర్చుకోవాలి! 2001లో ఆల్ బ్లాక్స్, అంటే న్యూజిలాండ్ రగ్బీ యూనియన్ జట్టు, పిలిస్తే, మనసు ఇంకా కుదరలేదని వద్దన్నాడు. ఎవరంటారండీ అలా? 2003లో ఆడాడు, మళ్లీ లీగ్‌కెళ్లి 2006లో బ్రాంకోస్‌తో టైటిల్ కొట్టాడు, మళ్లీ యూనియన్‌కి వెనక్కొచ్చాడు. 2011 వరల్డ్ కప్ ఫైనల్, ఆక్లాండ్, ఆల్ బ్లాక్స్‌కి ఫ్రాన్స్‌పై 8-7 గెలుపు, ఆ జట్టులో అతనూ ఉన్నాడు. చివరిదాకా టెన్షనే. అప్పటికి అతనికి 36 ఏళ్లు.