చెంపకు తడి తెలిసిన రోజు

సాఫ్ట్‌బాల్ ఆడేటప్పుడు నేను ముఖానికి పెట్టుకునే ఆ కమ్మీల మాస్కుకు గడ్డం దగ్గరి మెత్త అరిగిపోయి ఉండేది. పై గుడ్డ చిరిగి, లోపలి స్పాంజి ఎండి గట్టిపడి, బొటనవేలితో నొక్కినా లోతు పడేది కాదు. నాకన్నా ముందు ఇద్దరు అమ్మాయిలు వాడిన మాస్కు అది. చెమట పట్టగానే కిందికి జారేది. జారినప్పుడల్లా పై కమ్మీ సరిగ్గా కళ్లకు అడ్డంగా వచ్చి ఆగేది. ప్రతి బంతి వేసే ముందు గ్లవ్ తొడిగిన చేతి మణికట్టుతో దాన్ని పైకి తోసుకోవడం నాకు అలవాటైపోయింది. ఆ రోజు నాలుగో ఇన్నింగ్స్‌లో విసుగొచ్చి తీసేశాను. ఈ ఒక్క ఇన్నింగ్స్‌కే కదా అనుకుని బెంచీ మీద పెట్టి వెళ్లాను. నాకు అప్పుడు 12 ఏళ్లు. ఎవరూ వద్దనలేదు. బ్యాటింగ్ చేసేవాళ్లకు ముఖానికి కమ్మీలున్న హెల్మెట్ తప్పనిసరి. బంతి వేసేవాళ్లకూ ఫీల్డర్లకూ మాస్కు మా లీగ్‌లో ఎవరి ఇష్టం వాళ్లది.

సాఫ్ట్‌బాల్ అనే పేరు విని చాలామంది అది మెత్తని బంతి అనుకుంటారు. 1887లో షికాగోలో ఈ ఆట పుట్టినప్పుడు బాక్సింగ్ గ్లవ్‌ను తాళ్లతో చుట్టి బంతిగా వాడారట. ఆ పేరుకు ఆనాటి బంతే తగినది. మేము ఆడే 12 అంగుళాల చుట్టుకొలత గల పసుపు పచ్చ బంతి దాదాపు 180 గ్రాములు తూగుతుంది, చేత్తో నొక్కితే నొక్కుకోదు. మా వయసువాళ్లకు బంతి వేసే పిచ్చర్ నిలబడే పలక నుంచి, బ్యాటింగ్ చేసేవాళ్ల దగ్గర ఉండే హోమ్ ప్లేటుకు దూరం 40 అడుగులు, అంటే 12 మీటర్ల పైచిలుకు. చేయి తిప్పి బంతి వదిలేసరికి నా అంగ ముందుకు పడుతుంది, అందులో ఇంకో మీటరున్నర పోతుంది. బ్యాట్‌కు తగిలిన బంతి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తిరిగి వచ్చిందనుకోండి, సెకనుకు దాదాపు 28 మీటర్లు. నా దగ్గరికి రావడానికి దానికి 0.4 సెకను కూడా పట్టదు. కంటితో చూసి చేయి కదపడం మొదలుపెట్టేలోపే అందులో సగం అయిపోతుంది. ఈ లెక్క నేను ఆ తర్వాత మంచం మీద పడుకుని వేసుకున్నాను. భయపడని పిల్లలకు మాస్కు అక్కర్లేదని మాకు చెప్పినవాళ్లు ఉండేవారు. ఈ లెక్కలో ధైర్యానికి చోటెక్కడ ఉందో నాకు ఎంత వెతికినా కనిపించలేదు.

బంతి రావడం నాకు గుర్తులేదు. బ్యాట్ చప్పుడు గుర్తుంది, నా తల లోపలి నుంచి వచ్చిన చప్పుడూ గుర్తుంది. రెండింటి మధ్య ఖాళీ లేదు.

అందరూ పరుగున వచ్చారు. రక్తం లేదు. ఎడమ కంటి కింద కాస్త కమిలింది, అంతే. కోచ్ గారు రెప్పను నెమ్మదిగా తెరిచి చూసి, "కన్ను తెల్లగానే ఉంది తల్లీ, ఎర్రబడలేదు. పరవాలేదు" అన్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేనూ పీల్చుకున్నాను. ఐసు పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. గంట తిరగక ముందే వాంతి అయింది. భయంతో అన్నారు. మళ్లీ అయింది. తలకు అదురు తగిలి ఉంటుంది, ఇంటికి తీసుకెళ్లి పడుకోబెట్టండి అన్నారు.

అసలు సంగతి పసిగట్టింది అమ్మ. నేను మంచం మీద ఉన్నాను, తను నిలబడి మాట్లాడుతోంది. తన ముఖం వైపు చూసినప్పుడల్లా నేను కళ్లు మూసుకుంటున్నాను. "ఎందుకే అలా మూస్తున్నావు?" అని అడిగింది. "పైకి చూస్తే కడుపులో తిప్పుతోందమ్మా. నువ్వు ఇద్దరుగా కనిపిస్తున్నావు" అన్నాను. అమ్మ నా ఎదురుగా కూర్చుని, ఒక చేత్తో నా గడ్డం కదలకుండా పట్టుకుని, రెండో చేతి చూపుడు వేలిని నా ముక్కు ఎదుట నుంచి మెల్లగా పైకి తీసుకెళ్లింది. కుడి కన్ను వేలి వెంట వెళ్లింది. ఎడమ కన్ను సగంలో ఆగిపోయింది. అమ్మ ఏమీ అనలేదు. వేలు దించి మళ్లీ ఒకసారి పైకెత్తింది. తర్వాత లేచి చెప్పులు వేసుకుంది.

ఆసుపత్రిలోనూ మొదట తల దెబ్బే అనుకున్నారు. వాంతులున్నాయి, నాడి నెమ్మదిగా కొట్టుకుంటోంది. అమ్మ మాత్రం ప్రతి ఒక్కరికీ అదే చెబుతూ వచ్చింది, "ఎడమ కన్ను పైకి వెళ్లడం లేదండీ, ఒక్కసారి చూడండి" అని. సీటీ స్కాన్ తీశాక కంటి డాక్టరు గారిని పిలిపించారు. ఆయన కాగితం మీద బొమ్మ గీసి మాకు వివరించారు. బంతి కంటి గూడుకన్నా పెద్దది కాబట్టి లోపలికి దూరలేదు, గూడు అంచు మీద పడింది. కానీ ఆ ఒత్తిడి ఎక్కడికో ఒక చోటికి పోవాలి కదా. గూటికి అడుగున ఉన్న ఎముక చాలా పలుచన, దాని కింద గాలి నిండిన బోలు. పెద్దవాళ్లకైతే అది పెంకులా పగిలి రంధ్రం పడుతుంది. పిల్లల ఎముక పచ్చి కొమ్మలాంటిది, వంగి మళ్లీ మూసుకుంటుంది. మూసుకునేటప్పుడు కంటిని కదిపే కండరాన్ని మధ్యలో పట్టేసింది, ఎలుకల బోను తలుపు తోకను పట్టినట్టు. పట్టుబడిన ఆ కండరమే లాగుతూ వాంతి తెప్పిస్తుందట, గుండె వేగాన్నీ తగ్గిస్తుందట. కన్ను తెల్లగా ఉండడం వల్లే ఇది ఎక్కువగా మోసం చేస్తుందని ఆయన అన్నారు. ఒకటి రెండు రోజుల్లో విడిపించకపోతే కండరానికి రక్తం అందక దెబ్బతింటుంది, చూపు రెండుగానే మిగిలిపోవచ్చు.

తెల్లవారేసరికి ఆపరేషన్ అయిపోయింది. కింది రెప్ప లోపలి నుంచి వెళ్లి కండరాన్ని విడిపించి, పగులు మీద పలుచని రేకు ఒకటి పరిచారు. బయట ఒక్క కుట్టు కూడా కనిపించదు. ఈ రోజుకీ నా ముఖం చూసి ఎవరూ నమ్మరు.

కోలుకోవడం గురించి చెప్పాలంటే, నొప్పి పెద్ద విషయం కాదు. వారంలో అది పోయింది. కష్టమంతా తర్వాతే. ముక్కు చీదకూడదన్నారు. చీదితే ఆ పగులు గుండా గాలి కంటి గూట్లోకి ఎక్కుతుంది. తుమ్ము వస్తే నోరు బార్లా తెరిచి తుమ్మాలి. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. కండరం విడిపోయినా వెంటనే పని చేయలేదు, కొన్ని వారాలు చూపు రెండుగానే ఉంది. నేరుగా చూస్తే ఒక్కటి, కిందికి చూస్తే రెండు. మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని, ఒక కన్ను మూసుకుని దిగేదాన్ని. గ్లాసులోకి నీళ్లు పోస్తే పక్కన పడేవి. పొద్దున, సాయంత్రం అమ్మ వేలు ఆడించేది, పైకి, కిందికి, మళ్లీ పైకి. ఎడమ కన్ను ఎంత దూరం వచ్చిందో నాకు తెలియదు, అమ్మ ముఖం చూసి తెలుసుకునేదాన్ని. ఆరో వారంలో ఒక పొద్దున వేలు నా నుదురు దాటి వెళ్లింది. వేలు ఒక్కటిగానే ఉంది.

చెంప మాత్రం రాలేదు. కంటి కింద ఎముకలోంచి ఒక నరం బయటికి వస్తుంది, చెంపకూ ముక్కు పక్కకూ పై పెదవికీ పై పళ్లకూ స్పర్శ ఇచ్చేది అదే. అది నలిగిపోయింది. పళ్లు తోముకుంటుంటే బ్రష్ ఆడుతున్న చప్పుడు వినిపించేది కానీ ఆ వైపు పై పళ్లకు అది తగులుతున్నట్టు తెలిసేది కాదు. తిన్నది పెదవికీ చిగురుకూ మధ్య ఉండిపోయినా ఎవరైనా చెప్పేవరకు తెలియదు. అద్దంలో చెంప ఉంది, చేత్తో ముట్టుకుంటే చేతికి తెలుస్తుంది, చెంపకు తెలియదు. నరం తిరిగి కోలుకోవచ్చనీ, అందుకు నెలలు పట్టవచ్చనీ డాక్టరు గారు అన్నారు. ఎన్ని నెలలో చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ రోజుల్లో నన్ను చూడటానికి వచ్చినవాళ్లలో చాలామంది ఒకే మాట అన్నారు. "మాస్కు ఎందుకు తీశావమ్మా?" ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. తప్పు నాదే అని చాలా కాలం నేనూ నమ్మాను. ఇప్పుడు నమ్మను. నేను 10 నుంచి 12 ఏళ్ల అమ్మాయిలకు ఈ ఆట నేర్పుతున్నాను. జారిపోయే మాస్కును ఏ పిల్లా చివరి దాకా ఉంచుకోదు. కళ్లకు కమ్మీ అడ్డం వస్తే తీసేస్తుంది. అది మొండితనం కాదు, బంతి కనబడాలి కాబట్టి తీస్తుంది. ఆ గట్టిపడిన మెత్తను నొక్కి చూడాల్సింది పెద్దవాళ్లు. నా మెత్తను మూడు సీజన్లలో ఎవరూ నొక్కి చూడలేదు.

అందుకే సాధన మొదలయ్యే ముందు నేను ప్రతి అమ్మాయి మాస్కునూ చేతిలోకి తీసుకుంటాను. మెత్త నొక్కితే లోపలికి వెళ్లి తిరిగి లేవాలి. తొడిగాక గట్టిగా తల ఊపమంటాను, అది కదలకూడదు. ముందు నుంచి అరచేత్తో తోస్తే కమ్మీ ముక్కునూ చెంపనూ తాకకూడదు. ఒక కమ్మీ వంగినా, అతుకు దగ్గర పగులు కనిపించినా దాన్ని పక్కన పెట్టేస్తాను, సుత్తితో సరిచేసి ఇస్తామన్నా ఒప్పుకోను. బ్యాటింగ్ హెల్మెట్ల సంగతి మరీ జాగ్రత్తగా చూస్తాను. హెల్మెట్‌కు కమ్మీల చట్రం బిగించాలంటే ఆ హెల్మెట్ కోసం తయారుచేసినదే బిగించాలి. ఇంకో కంపెనీ చట్రం తెచ్చి, డ్రిల్లుతో కొత్త రంధ్రాలు చేసి బిగిస్తే, చూడటానికి గట్టిగానే ఉంటుంది, కానీ ఆ రంధ్రం దగ్గరే పెంకు బలహీనపడుతుంది. ఆటల రక్షణ సామగ్రికి అమెరికాలో పెట్టిన నాక్సే (NOCSAE) ప్రమాణం ప్రకారం పరీక్షించిన హెల్మెట్ మీద ఆ ముద్ర ఉంటుంది. మనం రంధ్రాలు చేశాక ఆ ముద్రకు అర్థం ఉండదు, ఎందుకంటే వాళ్లు పరీక్షించింది ఆ హెల్మెట్‌ను కాదు. పోయినసారి ఒక తండ్రి ఇలాంటి హెల్మెట్ తెచ్చారు. కూతురి కోసం ఒక సాయంత్రమంతా కూర్చుని స్వయంగా బిగించారట. ఆయన శ్రద్ధ చూసి కాదనడానికి నాకు నోరు రాలేదు. అయినా కాదన్నాను.

ఆపరేషన్ అయిన మూడు నెలల తర్వాత నాకు మళ్లీ ఆడటానికి అనుమతి దొరికింది. అమ్మ కొత్త మాస్కు తెచ్చింది. దాన్ని సరిగ్గా అమర్చడంలోనే చిక్కు వచ్చింది. మెత్త చెంపకు ఆనుకుందో లేదో కుడివైపు తెలుస్తోంది, ఎడమవైపు నాకు తెలియడం లేదు. "బిగుతుగా ఉందా?" అని అమ్మ అడిగితే ఏమని చెప్పను? చివరికి అమ్మే ఉపాయం ఆలోచించింది. నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చీల్చి, సన్నని పట్టీలా మడిచి, ఎడమ మెత్తకూ చెంపకూ మధ్య పెట్టి లాగింది. సులువుగా జారి వస్తే వదులు. కాస్త పట్టి వస్తే సరి. అలా మాస్కు పట్టీని ఒక్కొక్క గడి బిగించుకుంటూ వచ్చింది. ఆ కాగితం ముక్క నా సంచిలోనే ఉండేది. ప్రతి ఆటకు ముందు, బ్యాటర్ వెనక ఉండి నా బంతి పట్టే క్యాచర్ అమ్మాయి నా ఎదుట నిలబడి, కాగితం పెట్టి లాగి, తల ఊపి వెళ్లేది.

మొదటి రోజుల్లో బ్యాట్ చప్పుడు వినగానే కళ్లు మూసుకునేదాన్ని. అది ఎప్పుడు పోయిందో గుర్తులేదు, మెల్లగా పోయింది. మాస్కు మాత్రం జారలేదు, నేను మళ్లీ తీయలేదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం, రెండో ఇన్నింగ్స్ అనుకుంటాను, బంతి వేయబోతూ ఆగాను. ఎడమ చెంప మీద ఏదో పాకుతున్నట్టుంది. పురుగేమో అనుకుని మాస్కు కింద వేలు పెట్టి చూశాను. పురుగు లేదు. మెత్త చెమటతో తడిసి ఉంది. వేలు తీసేశాను. ఆ తడి అక్కడే ఉంది, చల్లగా, చెంప మీద.

క్యాచర్ లేచి నిలబడి ఏమైందని సైగ చేసింది. ఏమీ లేదని చేయి ఊపి, గట్టు మీద కూర్చున్న అమ్మ వైపు చూసి నా చెంప మీద వేలు పెట్టి చూపించాను. అమ్మకు అర్థం కాలేదు. మాస్కు వదులైందనుకుని, కాగితం తీసుకుని లేచి వస్తోంది.