బిసానత్తంలో ఒక మధ్యాహ్నం

బంగారుపేటలో ప్యాసింజర్ ఎక్కి, కామసముద్రం దాటాక బిసానత్తంలో దిగాను. నాతో దిగినవాళ్లు ముగ్గురే. కోలారు బంగారం అనగానే అందరూ కేజీఎఫ్‌కి వెళ్తారు. నాకేమో సరిహద్దుకు ఇవతల, మన చిత్తూరు జిల్లాలో ఉన్న ఈ చిన్న గని ఊరు చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక.

ఈ పట్టాలు బంగారం కోసం వేసినవి కావు. మద్రాసు వైపు నుంచి బెంగళూరుకు 1864లోనే రైలొచ్చింది. గనులు తవ్వే బ్రిటిష్ సంస్థ జాన్ టేలర్ కంపెనీ కోలారులో అడుగుపెట్టింది 1880లో. బంగారుపేట నుంచి గనులకు ప్రత్యేకంగా లైను పడింది 1894లో. అప్పటికి బంగారుపేట పేరు బౌరింగ్‌పేట.

స్టేషన్ బయట చెట్టుకింద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. గనికి దారి అడిగితే నన్ను తేరిపార చూశాడు. "ఏం చూడాలని వస్తివి నాయనా? ఆడ ముండ్లకంప తప్ప ఏముంది?" అన్నాడు. గనిలో పనిచేసినవాడే. పక్కన కూర్చున్నాను.

ఇక్కడి టన్ను రాయిలో ఉండేది సుమారు 5 గ్రాముల బంగారం. అంటే ఒక ఉంగరం. ఆ ఉంగరం కోసం రాయిని పేల్చాలి, పైకి తేవాలి, పిండి చేయాలి, అందులోని బంగారాన్ని సయనైడ్ నీళ్లలో కరిగించాలి. ఆ లెక్క నేను చదువుకున్నదే. కానీ ఆయన తన అరచేతులు చాపి చూపించాక అది లెక్కలా అనిపించలేదు. "బంగారం మా కంటికి ఏడ కనిపిస్తాది నాయనా? మేం చూసిందంతా దుమ్మే" అన్నాడు. దగ్గు ఆగేదాకా మాట్లాడలేకపోయాడు.

ఈ గనులు నడిపిన ప్రభుత్వ కంపెనీ భారత్ గోల్డ్ మైన్స్ 2001లో మూతపడింది. కేజీఎఫ్‌తో పాటు బిసానత్తం, చిగురుగుంట గనులూ ఆగిపోయాయి. కేజీఎఫ్ గురించి పేపర్లు రాశాయి. ఈ రెండు ఊళ్లను ఎవరు తలుచుకున్నారు? నాకు బాధగా ఉంది ఆ మాట అంటుంటే.

గని వైపు కాసేపు నడిచాను. ఆయన చెప్పినట్టే దారినిండా ముండ్లకంప. ఎక్కువసేపు ఉండాలనిపించలేదు, వెనక్కొచ్చేశాను.

"మావోడు బెంగళూరులో పని చేస్తాడు, దినామూ రైల్లోనే పోయి వస్తాడు" అన్నాడు పెద్దాయన. సాయంత్రం బండి రాగానే లేచి, దిగేవాళ్లలో కొడుకు కోసం వెతకసాగాడు.