పగిలేముందు పలికింది

టక్... టక్... మళ్లీ టక్. యంత్రం గొట్టాన్ని నిలువుగా నొక్కుతోంది, తెర మీద లోడు ఇంకా పెరుగుతూనే ఉంది. "అక్కా, లోపల ఏదో పలుకుతాంది" అన్నాడు పక్కనున్న జూనియర్. 47 కిలోన్యూటన్ల దగ్గర, అంటే దాదాపు 4.8 టన్నుల బరువు దగ్గర, ఠప్‌మంది. అంతే.

అనంతపురం ఎండలో మూడు రోజులు కూర్చుని చేత్తో చుట్టిన గ్లాస్ ఫైబర్ గొట్టం అది. పైఅంచు చీపురుకట్టలా విచ్చుకుపోయింది. పొరలు ఉల్లిపాయ పొరల్లా విడిపోయాయి. నడుమ ఏటవాలుగా ఒక తెల్లటి గీత. దాని మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడిపోయాను.

లాగితే అంత బలంగా నిలబడే పోగులే, నిలువుగా నొక్కితే పక్కకు ఒరిగిపోతాయి. వాటిని ఒరగకుండా పట్టుకునేది మధ్యలో ఉన్న రెజినే, అంటే పోగుల్ని అతికించే గట్టిపడిన జిగురే. చుట్టేటప్పుడు ఎక్కడో ఒకచోట పోగు కాస్త అలలా వంగినా చాలు, అక్కడే మొదలవుతుంది. ఇనుప గొట్టమైతే ముందు మడత పడి కంటికి కనిపిస్తుంది. ఇందులో బయటికి ఏమీ కనిపించదు, ఆ టక్‌టక్ తప్ప.

2023 జూన్‌లో టైటానిక్ శిథిలాల దగ్గరకు దిగుతూ నలిగిపోయిన చిన్న జలాంతర్గామి టైటాన్ గుర్తొచ్చింది. దాని నడుమ భాగమూ పోగులతో చేసిన సిలిండరే, కాకపోతే కార్బన్ ఫైబర్‌ది. లోపల ఐదుగురు. ఇంటికొచ్చినా ఆ ఆలోచన వదలడం లేదు.

రేపు రెండో గొట్టం. ఈసారి పక్కన ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పెడతాను. మొదటి టక్ ఎంత లోడు దగ్గర వస్తుందో రాసుకోవాలి.