వాడపల్లి నడకకు రాగి బిస్కెట్లు

ధవళేశ్వరం నుంచి వాడపల్లి వేంకటేశ్వరస్వామి దర్శనానికి కాలినడకన వెళ్లాలని వదినా నేనూ అనుకున్నాక, దారి గురించి కంటే దారిలో తినే దాని గురించే మా మధ్య ఎక్కువ చర్చ జరిగింది. ఏడు శనివారాల మొక్కు ఉన్నవాళ్లలో కొందరు ఈ గుడికి నడిచే వస్తారు. మేము ఎంచుకున్న దారి ఇరవై కిలోమీటర్లు దాటుతుంది. డెల్టాలో ఎత్తుపల్లాలు లేవు కనుక నడక తేలికేనని చాలామంది అనుకుంటారు గాని, ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ కావడంతో చెమట త్వరగా ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, అది కారిపోతున్నకొద్దీ ఒంట్లోని ఉప్పు కూడా దానితో పాటే పోతుంది. కాబట్టి సంచిలో పెట్టుకునే తిండి నిదానంగా అరిగి సత్తువ ఇవ్వాలి, తేమకు మెత్తబడకూడదు, కాస్త ఉప్పును కూడా అందించాలి. చాక్లెట్టు ఎండకు కరిగిపోతుంది, పులిహోర మధ్యాహ్నం దాటితే నమ్మలేము. అందుకే ఇంట్లోనే బిస్కెట్లు చేసుకున్నాము.

రాగులు మన్యం పంట, మినుములు డెల్టాలో వరి కోశాక వేసే పంట, బెల్లం అనకాపల్లిది, ఎండుకొబ్బరి అంబాజీపేటది. రెండు వందల గ్రాముల రాగిపిండిని కమ్మటి వాసన వచ్చేవరకు వేయించి, అందులో వంద గ్రాముల గోధుమపిండి, దోరగా వేయించి విసిరిన మినపపిండి రెండు గుప్పిళ్లు కలిపాము. రాగిలో గ్లూటెన్ ఉండదు, ఒట్టి రాగిపిండితో చేస్తే బిస్కెట్టు చేతిలోనే పొడి అయిపోతుంది. గోధుమపిండి చేరేది అందుకే. నూట యాభై గ్రాముల బెల్లం తురుమును నూట ఇరవై గ్రాముల నెయ్యితో బాగా మెదిపి, వేయించిన నువ్వులు, జీడిపప్పు పలుకులు, ఎండుకొబ్బరి తురుము తలా యాభై గ్రాములు, కాస్త శొంఠిపొడి, చెంచా నిండా ఉప్పు వేసి, ముద్ద కట్టడానికి సరిపడా పాలు మాత్రమే చిలకరించాము. బెల్లాన్ని పాకం పట్టకూడదు. పాకం ముదిరిన బిస్కెట్టు పంటికి లొంగదు. పచ్చికొబ్బరి వేస్తే రుచి ఇంకా బాగుంటుంది గాని, ఈ వాతావరణంలో మర్నాటికే వాసన వేస్తుంది.

ఉప్పు ఎక్కువైందేమో వదినా అని నేనంటే, "ఉండనీ, రేపు ఎండెక్కాక నీకే తెలుస్తుంది" అని ఆమె ముద్దను బిళ్లలుగా అద్దేసింది. నూట అరవై డిగ్రీల వేడిలో ఇరవై అయిదు నిమిషాలు కాల్చి, ఓవెన్ ఆపేశాక కూడా వాటిని వెంటనే తీయకుండా ఆ వెచ్చదనంలోనే ఆరనిచ్చాము. డెల్టాలో ఈ ఆరబెట్టడమే అసలు పని, ఎందుకంటే బెల్లం గాలిలోని తేమను లాక్కుంటుంది. ఓవెన్ లేనివాళ్లు మందపాటి గిన్నెలో ఉప్పు పరచి, స్టాండు పెట్టి, మూతవేసి సన్నటి సెగ మీద కాల్చుకోవచ్చు. ఒక్కొక్కటి ఇరవై గ్రాములు తూగే ఆ బిస్కెట్టులో దాదాపు వంద కిలోక్యాలరీల శక్తి ఉంటుంది.

తెల్లవారకముందే బ్యారేజీ మీద నడక మొదలుపెట్టాము. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1852లో పూర్తయిన ఆనకట్ట స్థానంలోనే ఇప్పటి బ్యారేజీ ఉంది. బొబ్బర్లంక చేరేసరికి మంచు విడిపోయింది. మధ్య డెల్టాకు నీళ్లు మోసే కాలువ అక్కడే మొదలవుతుంది, ఆ గట్టు మీదే మా దారి. మొదటి గంటలో ఆకలి లేకపోయినా చెరొక బిస్కెట్టు తిన్నాము; ఆకలయ్యేదాకా ఆగి ఒక్కసారిగా తింటే కడుపు బరువెక్కుతుంది, అడుగు సాగదు.

ఆత్రేయపురంలో ఒక ఇంటి అరుగు ముందు చాలాసేపు నిలబడిపోయాము. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు మండుతున్నాయి, ఒకామె పలుచటి బియ్యప్పిండి జారులో గుడ్డ ముంచి కుండ మీదుగా ఒక్క లాగు లాగేసరికి, చూస్తుండగానే రేకు తెల్లగా పొరలు లేచి ఊడి వచ్చింది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకు ఇదే. మా వదిన ఒక పొట్లం తీసుకోగానే ఆమె, "గాలి తగలనీకండమ్మా, మెత్తబడిపోతాయి" అని మరీ మరీ చెప్పింది. నడకలో పూతరేకులు తినే వస్తువు కాదు. సంచిలో నలిగిపోతాయి, నోట్లో పెట్టుకోగానే కరిగిపోతాయి, వాటి తీపి సత్తువ కొద్దిసేపటిదే. వాటిని ఇంటికని భద్రంగా కట్టుకున్నాము.

లొల్ల లాకుల దగ్గరికి వచ్చేసరికి ఎండ చురుక్కుమంటోంది, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. తలా ఒక కొబ్బరిబొండం తాగాము. బొండం నీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది గాని సోడియం తక్కువ, శక్తి కూడా స్వల్పమే. ఆ నీళ్ల మీద బిస్కెట్టు కొరికినప్పుడు ముందు రోజు నాకు ఎక్కువనిపించిన ఉప్పే నాలుకకు హాయిగా తగిలింది. బొండం, బిస్కెట్టు రెండూ కలిస్తేనే ఈ నేల మీద నడకకు సరైన ఆహారమని నేను గట్టిగా నమ్ముతాను.

వాడపల్లిలో దర్శనం క్యూ గుడి బయటి వరకూ సాగింది. వరుసలో మా ముందున్న పెద్దావిడ కూడా నడిచే వచ్చారట. నీరసంగా కనిపిస్తే వదిన డబ్బా తెరిచి, "రెండు తీసుకోండి పిన్నిగారూ" అంది. ఆవిడ నమిలి చూసి, ఇందులో మినపపిండి వేశారు కదూ అని ఇట్టే పసిగట్టి, చేసే తీరంతా అడిగారు. వానాకాలంలో చేస్తే బెల్లం పాతిక గ్రాములు తగ్గించమని, బిళ్లలు పలుచగా అద్ది మరో అయిదు నిమిషాలు కాల్చమని, పూర్తిగా చల్లారాకే గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో సర్దమని వదిన ఆవిడకు చెప్పింది.