చెంకల్లు బురుజుకు చవుడు పట్టింది

ఈ ఉదయం లేచి చూస్తే బురుజు మీద తెల్లగా పొర. రంగు వేసి ఐదు రోజులే అయింది. ఒళ్లు మండిపోయింది.

నేను చేస్తున్నది రెండు చంద్రగిరి కోటల చిన్న నమూనాల జంట. ఒకటి తిరుపతి పక్కన మన చంద్రగిరిలోని రాజమహల్. రెండోది కేరళలో కాసరగోడ్ దగ్గర, అదే పేరున్న నది ఒడ్డున 17వ శతాబ్దంలో కెళది శివప్ప నాయకుడు కట్టించిన కోట. కెళది నాయకులు మొదట విజయనగరానికి సామంతులు. పెనుగొండ తర్వాత ఆ విజయనగరానికే మన చంద్రగిరి రాజధాని. అందుకే రెండూ ఒకే పలక మీద, 1:100 స్కేలులో. కాసరగోడ్ కోట మొత్తం సుమారు ఏడు ఎకరాలు. అంతా చేస్తే ఒక్కో వైపు మీటరున్నర దాటుతుంది, మంచం బయట వేసుకోవాలి. అందుకని ఒక మూల బురుజు, దాని పక్కన 20 సెంటీమీటర్ల గోడ చాలనుకున్నాను.

రాజమహల్ మూడో అంతస్తు ఎక్కింది, పైన శిఖరాలు కూడా కుదిరాయి.

ఇక బురుజు. పేరు ఒకటే కావడంతో ఫొటోలన్నీ ఒకే ఫోల్డరులో పడేసి, రెండు వారాలు దానికి బూడిదరంగు రాళ్లు చెక్కాను. అది నా తెలివి. అక్కడి రాయి లేటరైట్, మలయాళంలో చెంకల్లు. తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలితే గట్టిపడే ఎర్రరాయి. ఒళ్లంతా చిల్లులు. సెంటీమీటరు చిల్లు నా స్కేలులో 0.1 మిల్లీమీటరు. అసలు తంటా ఇదే.

అల్యూమినియం ఫాయిల్ ఉండ చేసి ఫోమ్ మీద ఒత్తితే గుంటలు ఒక మిల్లీమీటరు వచ్చాయి, అంటే అసలు కోటలో పది సెంటీమీటర్ల గోతులు. రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి పూస్తే 4 మిల్లీమీటర్ల గోడ 6 అయింది. మూడోసారి ఉప్పు. మిక్సీలో పొడి చేసి, పలుచటి గుడ్డలో జల్లించి, 100 గ్రాముల ప్లాస్టర్‌కు 25 గ్రాములు, నీళ్లు 60 మిల్లీలీటర్లు. ఉప్పు పడితే ప్లాస్టర్ తొందరగా బిగుస్తుంది. నాలుగు నిమిషాలైనా ఆగలేదు, బుడగలు లోపలే ఉండిపోయాయి. ఉప్పు కరిగి చిల్లులు మిగలాలని రాత్రంతా నానబెట్టి, మూడుసార్లు నీళ్లు మార్చి, రెండు రోజులు ఆరబెట్టాను. చిల్లులు అద్భుతంగా వచ్చాయి! ఇప్పుడేమో ఈ చవుడు.

ఒక ముక్క విరిచి, విరిగిన అంచు నాలుకకు తాకించాను. ఉప్పగానే ఉంది. నా అంచనా: పైనున్న ఉప్పు కరిగిపోయింది, లోపలి రేణువులకు నీళ్లు వెళ్లే దారి లేదు. ఈ వానల చెమ్మకు అదే మెల్లగా పైకి తేలుతోంది. ఆరకముందే రంగు వేశానేమోనని కూడా అనుమానం ఉంది, కానీ రంగు వేయని ముక్కకూ పట్టింది కాబట్టి తప్పు రంగుది కాదు. ఫెవిక్రిల్ ఎరుపులో కాస్త గోధుమరంగు కలిపితే చెంకల్లు ఛాయ దించినట్టు వస్తుంది, అది మాత్రం మార్చను. ఉప్పు బదులు చక్కెర వేసి చూశాను. ప్లాస్టర్ బిగుసుకోలేదు, చీమలు మాత్రం వచ్చాయి.

వచ్చే ఆదివారం 120 నంబరు ఎమరీ పేపర్‌కు వాజలిన్ పలుచగా రాసి, దాని మీదే ప్లాస్టర్ పోస్తాను. దాని గరుకు సుమారు 0.12 మిల్లీమీటర్లు, లెక్క సరిపోతుంది. పేపర్ ఊడి వస్తుందా లేదా అన్నదే టెన్షన్. బురుజు గుండ్రం కాబట్టి 3 సెంటీమీటర్ల పట్టీలుగా పోసి, అతుకుల్లో రాళ్ల వరస గీతలు గీయాలి. అది తేలేదాకా మన చంద్రగిరిలోనే ఉన్న రాణీమహల్ జోలికి వెళ్లను. ఫోల్డర్లు మాత్రం ఈ రాత్రే విడగొడుతున్నాను.